ఇరవై నిమిషాలాగి కడిగేయాలి

తెలుగువాళ్ల వంటింట్లో ముఖానికెక్కని సరుకంటూ ఇంచుమించు మిగల్లేదు. శనగపిండి, పెరుగు, మీగడ, తేనె ఏనాడో ఎక్కి కూర్చున్నాయి. వాటి వెనక టమాటా, బంగాళాదుంప, కీరా, బొప్పాయి, మగ్గిన అరటిపండు వరస కట్టాయి. గేదె కుడితిలోకి పోవలసిన బియ్యం కడుగునీళ్లు సీసాలో చేరి ఫ్రిజ్‌లో పడుకుంటున్నాయి. కోడిగుడ్డులో తెల్లసొన ముఖానికి, పచ్చసొన జుట్టుకి పంపకాలైపోయాక, ఆమ్లెట్టు అడిగినవాడికి పెంకు దక్కుతోంది. వంకాయ ఎలాగో తప్పించుకు తిరుగుతోంది గానీ ఎన్నాళ్లు తిరుగుతుందో చెప్పలేం.

ఈ అందం చిట్కాలన్నిటికీ ఒకటే అచ్చు. చెంచాడు అది, చిటికెడు ఇది, తగినంత రోజ్‌వాటర్. ముఖానికీ మెడకీ పట్టించి, ఇరవై నిమిషాలాగి గోరువెచ్చని నీటితో కడిగేయాలి. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే చక్కటి ఫలితం ఉంటుంది. ఏం ఫలితం, ఎవరికి వచ్చింది, ఎవరు చూశారు? అడగకూడదు. సత్యనారాయణ వ్రతకథ విన్నాక సాధువు ఓడ నిజంగా తేలిందా అని పంతులుగారిని నిలదీస్తామా? ఇదీ అంతే, అక్షతలు వేసుకుని లేవాలి.

ఇంతకీ ఇరవై నిమిషాలే ఎందుకు? శనగపిండి ఆరడానికి అంత సేపు పడుతుంది గనక. ఆరుతున్న పిండి చర్మాన్ని పట్టి లాగుతుంది. ఆ బిగువే యౌవనం తిరిగొస్తున్న గుర్తని మన నమ్మకం. కడిగాక ముఖం కాస్త ఎర్రబడుతుంది, దాన్ని కాంతి అంటారు. అరచేత్తో గట్టిగా రుద్దినా ఆ కాంతి వస్తుంది, పైసా ఖర్చు ఉండదు. పోతే, నెల రోజులు విడవకుండా చెయ్యమంటారు చూడండి, అందులో మాత్రం మంచి తెలివుంది. మన చర్మం పైపొర దానంతటదే సుమారు నాలుగు వారాల్లో రాలిపోయి కొత్తది పైకి వస్తుంది. పిండి రాసినవాళ్లకీ వస్తుంది, ఆ పిండితో బజ్జీలు వేసుకు తిన్నవాళ్లకీ వస్తుంది. పేరు మాత్రం పిండికి.

నిమ్మకాయ సంగతి ఇంత నవ్వులాట కాదు. చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ అయిదు దగ్గర. నిమ్మరసానిది రెండు దగ్గర. ఈ కొలతలో ఒక్కో మెట్టు దిగితే ఆమ్లం పదింతలవుతుంది కాబట్టి, చెంప మీద పిండే ఆ రసం చెంప కంటే సుమారు వెయ్యి రెట్లు పులుపు. దానికి తోడు గూడూరు మార్కెట్లో బస్తాలకు బస్తాలు దిగే మన నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగిలితే రెచ్చిపోయే రసాయనాలున్నాయి. రసం పూసుకుని ఎండలోకి వెళితే ఒకటి రెండు రోజుల్లో చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. బొబ్బలు మానినా నల్లమచ్చలు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కూర్చుంటాయి. మచ్చలు పోవడానికి చెప్పిన చిట్కా మచ్చలు పెట్టి వెళుతుందన్నమాట. అప్పుడు ఆ మచ్చలకి మరో చిట్కా కావాలి. వచ్చే ఆదివారం పేపర్లో అదీ అచ్చవుతుంది.

ఇంకొందరు నిమ్మరసంలో వంటసోడా కలపమంటారు. బుసబుసా పొంగుతుంది. మురికి వదులుతున్న చప్పుడది అని మనకి తోస్తుంది. ఆమ్లమూ క్షారమూ కొట్టుకుని బొగ్గుపులుసు వాయువు లేచిపోతున్న చప్పుడది. గోళీసోడాలో ఉండేదీ ఆ వాయువే.

ఇదంతా ఎందుకు భరిస్తున్నామంటే "సహజం" అన్నారు కాబట్టి. చెట్టున కాసింది చెడు చెయ్యదట. మంచిది. చాకిరేవులో బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి చెట్టునే కాస్తుంది. దాని రసం ఒంటికి తగిలితే పుండవుతుంది. దురదగొండి ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు. జిల్లేడు పాలు, గన్నేరు కాయ, ఉమ్మెత్త గింజ, వీటిలో కృత్రిమమైనది ఒక్కటి చూపించండి. గోరింటాకూ సహజమే, అది అరచేతిని ఎర్రగా పండిస్తుంది తప్ప ఎంతసేపుంచినా కాకినలుపు చెయ్యదు. అలా నల్లగా పండే "సహజమైన నల్ల గోరింట" పొట్లాల్లో చాలావాటిలో కలిసేది జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం. చేతి మీద చుక్కల ముగ్గు చుక్కలు చుక్కలుగానే పొక్కి లేచాక గానీ ఆ ముక్క బయటపడదు.

"సహజం" తర్వాత రెండో సాక్ష్యం అమ్మమ్మ. ప్రతి చిట్కా కిందా ఆవిడ వేలిముద్ర ఉంటుంది. అమ్మమ్మల కాలం నాటి ఆలివ్ నూనె, అమ్మమ్మల కాలం నాటి ఓట్స్, అమ్మమ్మల కాలం నాటి గ్రీన్ టీ ఐసుముక్కలు. అమలాపురంలోనో ఆదోనిలోనో ఆవిడ అవకాడో ఎక్కడ కొనేదో ఎవరూ చెప్పరు. అసలు ఆ అమ్మమ్మ చేసిందేమిటి? భోగినాడు తెల్లారగట్ల లేపి, నువ్వులనూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయ పులుసుతో తల రుద్దేది. కళ్లు మండి కేకలు పెడితే నోట్లో ఉప్పుకల్లు పడేసేది. నూనె పొడిచర్మాన్ని మెత్తబరిచేది, పిండి జిడ్డు లాగేది, కుంకుడు నురగ మురికి వదలగొట్టేది. పని అయిపోయింది. చెయ్యగలిగినంతే చెప్పింది, చెప్పినంతా చేసింది. ఏడు రోజుల్లో తెల్లబడతావని ఆవిడ మాటివ్వలేదు. (పెళ్లిసంబంధాల దగ్గర ఆవిడా "పిల్ల కాస్త చామనఛాయ" అని గొంతు తగ్గించేది, అది వేరే వ్యాసం.)

తెల్లబడటం అన్న మాట ఇప్పుడు నేరుగా అనరు లెండి. 1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు పోయి మెరుపొచ్చింది. చిట్కాలూ అదే దారి పట్టి "నిగారింపు" అంటున్నాయి, "ట్యాన్ తొలగుతుంది" అంటున్నాయి. ఎండ పొడకి ఒళ్లు నల్లబడటం చర్మం తన గొడుగు తాను విప్పుకోవడం. ఆ గొడుగుని బంగాళాదుంప ముక్కతో గీకమని సలహా. అది ఎలాగూ పని చెయ్యదు, అక్కడితో ఆగితే బాగుండును. దుంపలతో కానిది మందుల షాపులో గొట్టంతో అవుతుందని ఎవరో చెబుతారు. స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తే పది రోజులు ముఖం నిజంగానే తేటపడుతుంది. ఆనక చర్మం పలచబడి, మొటిమలు లేచి, ఎర్రటి రక్తనాళాలు బయటపడి, మానేస్తే మంటలు పుడతాయి. ఇలాంటి పూతమందులు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. చీటీ అడిగే షాపు మీ వీధిలో ఉంటే మీ వీధి అదృష్టం.

ఇక జుట్టు. తలమీద లక్ష వెంట్రుకలుంటాయి, రోజుకి యాభై నుంచి వంద రాలడం మామూలే, పెరిగేది నెలకి సెంటీమీటరు. బయటికి కనబడే వెంట్రుక ప్రాణంలేని కెరటిన్ దారం. దానికి పోషణ కావాలంటూ ఉల్లిపాయ రసం తాగిస్తాం. ఈ ఉల్లి మీద ఒక అధ్యయనమూ ఉంది, కాదనను. 2002లో బాగ్దాద్ వైద్యులు నలభై మంది కూడా లేని రోగుల మీద దాన్ని రాసి చూసి గుణమిచ్చిందన్నారు. అయితే వాళ్లకున్నది పేనుకొరుకుడు. అది చాలామందిలో తనంత తానే మానే జబ్బు. బట్టతలకీ, చుండ్రుకీ, ఇంటర్ పరీక్షల బెంగకీ ఆ అధ్యయనం చెల్లదు.

కేశతైలాల మహిమకి అసలు కీలకం మరోచోట ఉంది. డెంగీ జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఒళ్లు కోలుకున్నాక కొన్ని నెలల్లో ఊడటం ఆగి మళ్లీ మొలుస్తుంది, ఏమీ రాయకపోయినా. కంగారుపడి గుంటగలగరాకు నూనె మొదలుపెట్టేది సరిగ్గా కుచ్చులు ఊడుతున్నప్పుడే. అది ఆగేదీ ఆ సీసా ఖాళీ అయ్యేదీ ఒకే వేళకి. ఇంకేముంది, వదినగారు పక్కింటావిడకి చెబుతుంది, పక్కింటావిడ ఊరికి చెబుతుంది. ఊడకుండానే రాసి, రాసినా ఊడినవాళ్లు మటుకు ఎవరికీ చెప్పరు. వాళ్లకి సమాధానం ముందే అచ్చయి ఉంది: "క్రమం తప్పకుండా చేయాలి." చిట్కా ఎన్నడూ ఓడదు, ఓడేది ఎప్పుడూ బద్ధకస్తురాలైన ఆడదే. పొద్దున టిఫిన్లు, క్యారేజీలు, ఆఫీసు, రాత్రి వంట, ఆ మధ్యన ముఖానికి ముద్ద, తలకి ముద్ద. ఇన్ని గంటలు పనిచేస్తే తప్ప రానిదాన్ని సహజ సౌందర్యం అనడానికి ధైర్యం కావాలి. మగవాడి ముఖం ఏ ముద్దా లేకుండా దానంతటదే సహజం.

ముఖానికి తగిన కేశాలంకరణ అని మరో శాస్త్రం. అద్దంలో మీ ముఖం చుట్టూ సబ్బుతో గీత గీసి ఆకారం తేల్చుకోమంటారు. గుండ్రమైతే నడినెత్తిన ఎత్తు పెంచాలి. పొడుగైతే నుదుటి మీదికి ముంగురులు దించాలి. పలకలుగా ఉంటే చెంపల పక్కన అలలు వదలాలి. కోలముఖమైతే ఏదైనా నప్పుతుంది. అంటే అందరూ కోలముఖంలాగా కనబడాలి, అంతేగా! కొప్పున్నమ్మ ఏ ముడి పెట్టినా అందమేనని మనవాళ్లు సబ్బుగీత అక్కర్లేకుండానే చెప్పారు. మన కాలేజీ హాస్టళ్లు ఇంకో అడుగు ముందుకేశాయి: ముఖం కోలైనా పలకైనా రెండు జడలు, మడత, రిబ్బను. స్టైలంటే ఎంట్రన్సు ర్యాంకు.

ఈ శాస్త్రమంతా వదిలేసిన చోటు కూడా మనకొకటి ఉంది, తిరుమల కళ్యాణకట్ట. ఏ ముఖానికి గుండు నప్పుతుందని అక్కడ ఎవరూ లెక్కలు వెయ్యరు, తలనీలాలు అమ్మాయీ ఇవ్వచ్చు, అబ్బాయీ ఇవ్వచ్చు. రోజూ వేలమంది తలలు వంచుతారు. ఆ తలనీలాలను పొడవును బట్టి రకాలుగా వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది, కోట్లు వస్తాయి. కొన్నవాళ్లు వాటిని కడిగి, చిక్కుతీసి, విగ్గులకీ సవరాలకీ పంపుతారు. మంచి ధర పలికే సరుకది, వ్యాపారం తెలిసినవాళ్లు. అయినా ఒక్కరూ దానికి ఉల్లిపాయ రసం పట్టించరు.