సెకండ్ షో ఆల్జీబ్రా

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరడానికి ఎంట్రన్సు రాయక్కర్లేదు, ర్యాంకు తెచ్చుకోనక్కర్లేదు, వయసు చెప్పి సిగ్గుపడనక్కర్లేదు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్ జూనియర్ కాలేజీతో మొదలైన ఈ కాలేజీలది వచ్చినవాళ్లను వచ్చినట్టు కూర్చోబెట్టే పద్ధతి. లోపలికి రావడం సులువు. డిగ్రీ చేతబట్టుకుని బయటపడటమే కష్టం. ఆ బయటి గుమ్మం దగ్గర చాలా ఏళ్లు కాపలా కాసింది ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. హైస్కూల్లో చెప్పి పంపిన కారణాంకాలు, వర్గమూలాలు, వర్గ సమీకరణాలు, కాసిని లాగరిథమ్‌లే ఇక్కడ మళ్లీ చెబుతారు. సాయంత్రం ఆరున్నర క్లాసుకు వచ్చే ఒక శాల్తీని చూడండి. వేళ చూస్తే ఫస్ట్ షో, వయసు చూస్తే సెకండ్ షో. మెడలో ఆసుపత్రి బ్యాడ్జీ వేలాడుతుంటుంది, లేదా ఒంటి మీద గోడౌను కంపెనీ జాకెట్ ఉంటుంది. సంచిలో కొడుకు వాడి వదిలేసిన టీఐ-84 కాలిక్యులేటర్, ఒక పెన్సిలు, మూడు రబ్బర్లు. కూర్చునేది ముందు వరసలోనే గాని తలుపు పక్కన. పిల్లల్ని చూసుకునే మనిషి ఏ క్షణాన ఫోన్ చేస్తుందో తెలియదు మరి. పంతులు ఇంకా బోర్డు తుడుస్తుండగానే ఈయన పక్కవాళ్లందరికీ ఒక ప్రకటన వినిపిస్తాడు: ‘నాకూ లెక్కలకూ చిన్నప్పటినుంచీ పడదు.’

ఈయన్ని చూసి నవ్వడం తేలిక. పుస్తకం చివర బేసి సంఖ్యల లెక్కలకే జవాబులుంటాయి కాబట్టి బేసి సంఖ్యల మీద భక్తి, సరి సంఖ్యల మీద అనుమానం పెంచుకుంటాడు. వర్గ సమీకరణ సూత్రాన్ని అక్కడి పంతుళ్లు పసిపిల్లల పాట వరసలో నేర్పుతారు. పరీక్ష హాల్లో నలభై దాటిన మనిషి పెదాలు కదుపుతూ తల ఊపుతున్నాడంటే ప్రార్థన అనుకోకండి, అక్కడ మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ జరుగుతోంది. ఇంటి లెక్కలు కంప్యూటర్లో చేయాలి. ఈయన సగం అని రాస్తే దానికి దశాంశం కావాలి. దశాంశం ఇస్తే భిన్నం కావాలి. దానితో ఈయన పెట్టుకునే తగాదా అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ఇదంతా చూసి మొద్దు అనుకుంటాం. నా వాదన వేరు. మొద్దుతనంగా కనిపించేదంతా నిజానికి కారణం చెప్పందే కదలనన్న మొండితనం. ఆ క్లాసులో లెక్కను లోకంతో సరిచూసేది ఇలాంటివాళ్లే.

ఈ లెక్క చూడండి. ఒకడు గదికి నాలుగు గంటల్లో రంగు వేస్తాడు, ఇంకొకడు ఆరు గంటల్లో వేస్తాడు. ఇద్దరూ కలిసి వేస్తే ఎంతసేపు? పుస్తకం ప్రకారం రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు 1/4, 1/6 కూడి, వచ్చినదాన్ని తిరగేసి, పక్క లెక్కకు పోతాడు. పదిహేనేళ్లు గోడలకు రంగులేసి బతికిన మన పెద్దమనిషి పోడు. నిచ్చెన ఒకటా రెండా? మొదటి పూత ఆరేదాకా ఏం చేస్తారు? ఇద్దరిలో ఒకడు కబుర్ల పోగైతే? తన అనుభవం ప్రకారం ఇద్దరు కలిస్తే అయిదు గంటలు, వాళ్లు బావా బావమరుదులైతే రెండు రోజులు. పంతులు ‘అవన్నీ లేవనుకోండి’ అంటాడు. అవి లేకుండా రంగు వేయించుకున్న ఇల్లు ఈయన ఎక్కడా చూడలేదు. లెక్కకు కథ తొడిగే అలవాటు కొత్తదేం కాదు లెండి. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. కాకపోతే కథ విన్నాక పాత్రల బాగోగులు అడగకూడదన్న నియమం ఈయనకెవరూ చెప్పలేదు. వెనక వరసలో మందుల షాపులో పనిచేసే ఆవిడది ఇంకో రకం చిక్కు. పది శాతం ద్రావణం, నలభై శాతం ద్రావణం కలిపి ఇరవై శాతం చేయాలంటే ‘అది రెండు పాళ్లు, ఇది ఒక పాలు’ అని అడిగిన వెంటనే చెప్పేస్తుంది. అది రోజూ చేసే పనే. కానీ ‘ఎక్స్ అనుకొనుము’ అని మొదలుపెట్టలేదు కాబట్టి సగం మార్కులు గోవిందా. ఎంతో తెలిశాక మళ్లీ ఎక్స్ అనుకోవడం దేనికని ఆవిడ ప్రశ్న. దానికి పంతులు దగ్గర ఉన్న జవాబు సిలబస్ ఒక్కటే.

అసలు పరీక్ష మాత్రం వర్గమూలాల పాఠం దగ్గర వస్తుంది. ఎక్స్ వర్గమూలం ఎక్స్‌లోంచి ఆరు తీసేసినదానికి సమానమట. రెండువైపులా వర్గం చేసి, అంతా ఒకవైపు చేర్చి, కారణాంకాలు తీస్తే 9, 4 అని రెండు జవాబులొస్తాయి. 9 సరిపోతుంది: దాని వర్గమూలం మూడు, తొమ్మిదిలోంచి ఆరు తీసినా మూడే. 4 దగ్గర ఎడమవైపు రెండు, కుడివైపు మైనస్ రెండు. అందుకని 4 దొంగ జవాబు, కొట్టేయమంటారు. కుర్రకారు కొట్టేస్తుంది. సెకండ్ షో విద్యార్థి చెయ్యెత్తుతాడు: ‘ప్రతి అడుగూ మీరు చెప్పినట్టే వేశాను కదండీ, మధ్యలో ఈ దొంగ ఎక్కడినుంచి దూరాడు?’ క్లాసంతా నవ్వుతుంది. నిజానికి ఆ సాయంత్రం మొత్తంలో గణితశాస్త్రానికి పనికొచ్చిన మాట అదొక్కటే. రెండునూ మైనస్ రెండునూ వర్గం చేస్తే రెండూ నాలుగే అవుతాయి. వర్గం చేసిన చోటే గుర్తు చెరిగిపోయింది, దొంగ దూరింది ఆ సందులోంచే. వేసిన అడుగు ముందుకు సరైనదే, దాన్ని వెనక్కి వేయలేం. పైచదువుల్లో ఎన్ని రుజువుల తలకాయనొప్పి ఈ ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంటుందో! ఇంటికి వచ్చిన బిల్లులో అడగని ఖర్చు కనిపిస్తే నిలదీసే అలవాటున్న మనిషికే ఈ ప్రశ్న తోస్తుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడు మీసం దువ్వడం ఖాయం. ‘ఇదేం బ్రహ్మవిద్య? మా పదో తరగతి పిల్లాడు నిద్రలో చేస్తాడు’ అంటాడు. నిజమే, చేస్తాడు. వర్గ సమీకరణాలు మనకు పదో తరగతిలోనే అయిపోతాయి, తర్వాత ఇంటర్ లెక్కల పేపర్లలో పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. కానీ అసమీకరణాన్ని రుణసంఖ్యతో గుణిస్తే గుర్తెందుకు తిరగబడుతుందని ఆ పిల్లాణ్ణి అడిగి చూడండి. ‘తిప్పాలంకుల్’ అంటాడు. వాడికి పదిహేనేళ్లు, నమ్మి సాగిపోయే వయసు. నలభై ఏళ్లవాడు అప్పటికి ఇన్సూరెన్స్ ఏజెంట్‌నీ కారు మెకానిక్‌నీ నమ్మి చూసినవాడు. ఎక్స్‌ను ఊరికే నమ్మమంటే ఎలా నమ్ముతాడు?

మరి అంత ఆలోచనాపరుడైతే ఎందుకు తప్పుతున్నాడంటారు. ఇది గట్టి ఆక్షేపణే, పక్కకు నెట్టేయడం కుదరదు. పాత పద్ధతిలో చేరేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టి, ఇరవై ఏళ్ల కిందటి పాఠం గుర్తులేదని తేలితే అంకగణితం దగ్గర్నుంచి మొదలుపెట్టమనేవారు. అంకగణితం, ప్రీ-ఆల్జీబ్రా, ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్: అన్నీ దాటితే నాలుగు సెమిస్టర్లు. ప్రతి మెట్టు మీదా వందకు ఎనభైమంది నెగ్గుతారని ఉదారంగా అనుకున్నా, ఎనభైలో ఎనభై శాతం చొప్పున పోతే నాలుగో మెట్టు దాటేది నలభై ఒక్కరే. మిగతావాళ్లను పడగొట్టింది ఆల్జీబ్రా అనలేం. ఒక సెమిస్టర్లో షిఫ్టు మారుతుంది, ఇంకో సెమిస్టర్లో కారు చెడుతుంది, మరోదాంట్లో అత్తగారికి మోకాలి ఆపరేషన్. ఇది ఊహ లెక్కేనంటే, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీవాళ్లు 2016లో ప్రకటించిన అధ్యయనం ఉంది. ఎలిమెంటరీ ఆల్జీబ్రా అవసరమని తేలిన విద్యార్థులను చీటీలు తీసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. ఆల్జీబ్రా మాత్రమే చదివినవాళ్లలో 39 శాతం, ఆల్జీబ్రాతో పాటు అదనపు తర్ఫీదు పొందినవాళ్లలో 45 శాతం గట్టెక్కారు. అదే తర్ఫీదుతో నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చున్నవాళ్లలో 56 శాతం నెగ్గారు. స్టాటిస్టిక్స్ తేలిక కాబట్టి నెగ్గారంటే, కొంత నిజం ఉండొచ్చు. కానీ కింది మెట్టే ఎక్కలేరన్నవాళ్లు పై మెట్టు మీద నిలబడ్డారంటే, వాళ్ల బుర్రల గురించి మనం వేసిన అంచనాను మళ్లీ చూసుకోవాలి.

అయితే మొత్తానికి ఎత్తేద్దామా? ఆండ్రూ హ్యాకర్ అనే రాజనీతిశాస్త్ర ఆచార్యుడు 2012లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆల్జీబ్రా అవసరమా అని అడిగి లెక్కల పంతుళ్లందరిచేతా తిట్లు తిన్నాడు. 2009 నుంచి డిగ్రీకి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా తప్పనిసరి చేసిన కాలిఫోర్నియాలోనే, 2017 వచ్చేసరికి కమ్యూనిటీ కాలేజీల ఛాన్సలర్ ఓక్లీ, సైన్సు లెక్కల జోలికి పోనివాళ్లకు అది వద్దన్నాడు. ఆ ఏడాదే ఏబీ 705 చట్టం వచ్చింది. హైస్కూల్ మార్కులు చూసి నేరుగా పై కోర్సులో కూర్చోబెట్టాలి, గెలిచే అవకాశం చాలా తక్కువైతే తప్ప కింది మెట్లకు తోయకూడదు. 2022లో ఏబీ 1705 దాన్ని ఇంకా బిగించింది. చరిత్ర చదివేవాళ్లను వర్గమూలాల దగ్గర నిలబెట్టకపోవడం మంచిదే. ముప్పై అయిదేళ్లకు ఇంజనీరింగ్ మీద మనసు పడి, మొదటినుంచి నిదానంగా చెప్పమని అడిగే మనిషికి కూడా ఆ క్లాసు లేకుండా చేస్తే మాత్రం అది ఇంకో రకం తాళం. అడిగినవాళ్లకు ఉంచి, అడగనివాళ్ల మీద రుద్దకపోతే సరిపోయేది. చట్టాలకు అంత నాజూకు పనులు చేతకావు.

కాబట్టి కాలిఫోర్నియాలో మన సెకండ్ షో విద్యార్థి ఇప్పుడు ఎక్కువగా స్టాటిస్టిక్స్ క్లాసులో దొరుకుతాడు. ఎక్స్ బాధ తగ్గింది, పిల్లల పాట పాడనక్కర్లేదు, టీఐ-84 మాత్రం అదే. వెయ్యిమందికి ఫోన్ చేసి అభిప్రాయాలు సేకరించిన సర్వే ఒకటి పంతులు బోర్డు మీద రాసి, అటూ ఇటూ మూడు శాతం తేడా ఉండొచ్చంటాడు. తలుపు పక్క కుర్చీలోంచి చెయ్యి లేస్తుంది: ‘ఫోన్ ఎన్నింటికి చేశారండీ? పగలైతే మేమెవరం ఎత్తం కదా.’