కొను ధాతు ప్రకాశిక

అవతారిక

టీక రాయడానికి ఊరు కలిసిరావాలి. మాది మంత్రాలయం మండలం మాధవరం. మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామిని వరాలిచ్చే గురువుగా అందరూ ఎరుగుదురు. ఆయన టీకాకారుడని తలుచుకునేవాళ్ళు తక్కువ. బ్రహ్మసూత్రాలకు మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రాశారు, దానికి జయతీర్థులు న్యాయసుధ రాశారు, ఆ సుధకు రాఘవేంద్రులు పరిమళం రాశారు. పునాది పోగా మూడంతస్తుల మేడ. ఆ గాలి సోకినవాణ్ణి కనుక, మొన్న మా కంపెనీ హెచ్‌ఆర్ వారు పంపిన మెయిలు మీద ఒక్క అంతస్తయినా లేపకపోతే ఊరికి మాట వస్తుందనిపించింది. మెయిలు వచ్చింది రాత్రి తొమ్మిదిన్నరకు, మీటింగు మధ్యలో. విషయం: ఇంటినుంచి పనిచేయువారికి స్వీయ సంరక్షణ.

మూలం

‘ఉద్యోగి తన్ను తాను చూసుకొనవలెను. వేళకు లేచి, స్నానము చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకొనవలెను. గంటకోసారి లేచుటకు వీలుగా, నడుముకు అనువైన కుర్చీ అమర్చుకొనవలెను. నీళ్ళు దగ్గర ఉంచుకొనవలెను. పనికిని ఇంటికిని నడుమ గీత గీసుకొనవలెను.’

మెయిలు ఇంగ్లీషులో వచ్చింది, తెనిగింపు నాది. తెనిగించాకే గుట్టు బయటపడింది.

టీక

లేచుట, స్నానము, బట్టలు: ఇవి సులభములు. అక్కర లేనిది చెప్పనని కొలచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. నాదీ అదే దారి.

నీళ్ళు: తాగమన్న గ్రంథకర్త, తాగిన తర్వాతి కార్యానికి మీటింగులో వ్యవధి విధించలేదు. వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో రెండో అధ్యాయం దినచర్యకు ఇచ్చి, ఊరుకోకుండా నాలుగో అధ్యాయంలో మనిషి ఆపుకోరాని వేగాలు పదమూడింటిని లెక్కపెట్టాడు. మూత్రం, దాహం, ఆకలి, నిద్ర, ఆవులింత, తుమ్ము, దగ్గు, చివరికి కన్నీళ్ళు కూడా అందులో ఉన్నాయి. నిన్నటి రెండున్నర గంటల మీటింగులో నేను ఆరింటిని ఆపుకొన్నాను. కన్నీళ్ళు రాలేదు గనక ఏడు కాలేదు.

ఆపుకొన్నాను అన్నాను. ఇక్కడే ఆగవలసి ఉంది.

విశేషం

మూలంలో అయిదు వాక్యాలున్నాయి. అయిదింటికీ కొసన కొను ధాతువే. ఈ ధాతువు సామాన్యమైనది కాదు. వంట ఫలం పరులకైతే సంస్కృతంలో పచతి, వండినవాడికే అయితే పచతే. తెలుగుకు అన్ని తిప్పలు లేవు. వండు అంటే ఎవరికైనా సరే, వండుకొను అంటే తనకే. తుంగభద్ర దాటితే కన్నడం, అక్కడా ఇదే వరస: మాడు అంటే చేయు, మాడికొళ్ళు అంటే చేసుకొను. ఇంకా కిందికి పోతే అరవంలోనూ కొళ్ ఇదే పని చేస్తుంది. ఆకలిగొను, దప్పిగొను అన్నప్పుడు మాత్రం ఇది గొను అయి, మెత్తబడినట్టే కనిపించి మనిషినే పట్టేస్తుంది.

ఇంత పని చేస్తూ కూడా ఈ ధాతువు తన సొంత అర్థం వదల్లేదు. కొను అంటే వెల ఇచ్చి తెచ్చుకొను. కన్నడం వాళ్ళ కొళ్ళుకూ అంతే. తన మేలు తాను చూసుకోవడం, డబ్బు పెట్టి కొనడం, రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయని మన పెద్దలకు తెలుసు. హెచ్‌ఆర్ వారికి ఇంకా బాగా తెలుసు.

అమర్చుకొనవలెను అన్నారు కదా. ఆదోనికి పోయి 7,800 రూపాయలు పెట్టి కుర్చీ కొన్నాను. బిల్లు పంపాను. ఇంటి సామాను కంపెనీ పరిధిలోకి రాదని జవాబు. కరెంటు పోయినప్పుడు మీటింగు తెగకూడదని ఇన్వర్టరు కొన్నాను. అదీ ఇంటి సామానే. మేము ఇళ్ళకు చేరాక బెంగళూరులో కంపెనీ తన మూడంతస్తుల్లో రెండు ఖాళీ చేసింది. ఆ మిగిలిన అద్దె మాత్రం ఇంటి సామాను కాదు.

ఇంటినుంచి పని అనేది 2020 లాక్‌డౌన్‌తో పుట్టిందని మావాళ్ళ నమ్మకం. మా అవ్వ ఎమ్మిగనూరులో పెళ్ళయిన నాటి నుంచీ ఇంటినుంచే పని చేసింది. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు వదిలి, గట్టున కూర్చుని నేసేది. గుంటలోని చెమ్మకు నూలు పోగు తెగదనేవాళ్ళు. అదే చెమ్మకు ఆమె మోకాళ్ళు పట్టేసేవి. పక్కన పిల్లలు రాట్నం తిప్పి కండెలు చుట్టేవాళ్ళు. ఆ కూలి గుడ్డ ధరలోనే కలిసిపోయేది, విడిగా ఎవరూ లెక్క కట్టలేదు. గంటకోసారి లేవమని ఆమెకు మెయిలు రాలేదు. పొయ్యి మీది ఎసరు లేపేది. పొద్దు గూకితే మగ్గం దిగేది. అమావాస్యకు అసలు ఎక్కేదే కాదు. నాకు ఆ అమావాస్య కూడా లేదు.

అదే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సంఘం నేతగాణ్ణి నీ నూలు నువ్వే చూసుకొమ్మనలేదు. నూలు తాను ఇచ్చింది, నేసిన గుడ్డ తాను తీసుకొంది. గమనించాలి, ఇక్కడ కొను ధాతువుకు కర్త సంఘం.

మెయిలు సంగతి మరిచాను. గీత మిగిలింది.

గీత: లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు, తర్వాతి కథల్లోది. ఆ కథల్లోనైనా గీత గీసింది కాపలా ఉన్న లక్ష్మణుడే, లోపలున్న సీత కాదు. పనివేళ దాటాక పిలవకుండా ఉండవలసినవాడు గీయాల్సిన గీతను, పిలిపించుకొనేవాణ్ణి గీసుకొమ్మంటే అది ఏ రామాయణమో తెలియదు. ఫ్రాన్సులో 2017 నుంచి యాభై మంది, ఆపైన ఉన్న సంస్థలు ఈ గీత గురించి ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చుని మాట్లాడాలని చట్టం ఉంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటిదే ప్రైవేటు బిల్లుగా పెట్టారు. చట్టం కాలేదు.

పూర్వపక్షం

‘చల్లగా ఇంట్లో కూర్చుని, అమ్మ చేసిన ఉగ్గాని బజ్జీ తింటా, బస్సెక్కకుండా జీతం తీసుకొంటివి. నీకేం నొప్పిరా?’ అని మా నాయన.

సమాధానం: నిజమే. జీతమూ తీసుకొంటున్నాను, ఉగ్గానీ తింటున్నాను. నొప్పి ఉగ్గానిలో లేదు, మెడలో ఉంది. మెయిలులోని సలహాల్లో తప్పూ లేదు. గంటకోసారి లేస్తూనే ఉన్నాను, లేస్తే మెడ కాస్త తేలికపడుతోంది కూడా. తప్పు ఎక్కడంటే, మూలంలో కంపెనీ కర్తగా ఒక్క క్రియా లేదు. ఉన్నదొక్కటే, దాన్ని రాయకుండా వదిలేశారు: చేతులు కడుక్కొను.

తాత్పర్యం

కుర్చీ నీదే, కరెంటు నీదే, మెడ నీదే, గీత నీదే, పని మాత్రం మాది అని భావము.

వచ్చే నెల మెయిలులో ఒక్క వాక్యాన్నయినా ఇచ్చు ధాతువుతో ముగించమని హెచ్‌ఆర్ వారికి విన్నపం. కుర్చీ బిల్లు రెండోసారి జతచేస్తున్నాను.