ఈనె కూడా అచ్చేశారండోయ్!

రావులపాలెం మార్కెట్ నుంచి అరటిగెలలు లారీలకెత్తి రాష్ట్రాలు దాటిస్తాం. పెరట్లో అరటిబోదె లేని ఇల్లు కోనసీమలో వెతకాల్సిందే. అయినా మొన్న కొత్తపేట దగ్గర ఓ పెళ్లిలో బంతికి కూర్చుంటే, ముందు పరిచింది అరటాకు కాదు, అరటాకు బొమ్మ! ఈనెతో సహా అచ్చేసిన ప్లాస్టిక్ పూత కాగితం. దాని మీద పొగలు కక్కే పనసపొట్టు కూర, ముక్కల పులుసు.

‘తోమే పని లేదండి, ఆయ్’ అన్నారు పెళ్లివారు. అసలాకునైనా ఎవరు తోమారండీ? ఆవు ముందేస్తే అదే చూసుకునేది.

తర్వాత కాగితం కప్పులో టీ. కాగితమన్నది పైకే, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర. ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు 15 నిమిషాలుంటే 25 వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్కగట్టారు. పక్కాయన షుగర్ మనిషి. ‘నాకు పంచదార వద్దండి’ అన్నారు. ఆ 25 వేలూ వద్దనలేదు.

ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలకు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అందుకేనేమో, అన్నీ కాగితం వేషం కట్టాయి.

బంతి లేచింది. విస్తళ్లు కాలవలోకెళ్లాయి. కాలవ మురుగు డ్రెయిన్‌లోకి, అది సముద్రంలోకి. అంతర్వేది దగ్గర చేపలకి శుభలేఖ అందకపోయినా భోజనం మాత్రం అందుతోంది.