ఏకాకి గారి పల్లకీ

ఈ మధ్య ఆసియా ఖండంలో ఏకాంతానికి గిరాకీ బాగా పెరిగింది. ఆఫీసుకు రెండు వారాలు సెలవు పెట్టి, వీపున సంచీ తగిలించుకుని, బ్యాంకాక్‌లో దిగి, సియెం రీప్ మీదుగా బాలీకీ అక్కడినుంచి క్యోటోకీ వెళ్లి, దారిలో తగిలిన గుళ్లూ నగరాలూ చుట్టేసి, పనిలో పనిగా తనను తాను కనుక్కుని, సోమవారం పొద్దున లాగిన్ టైముకు తిరిగొచ్చే కొత్త సాధకవర్గం ఒకటి తయారైంది. వెళ్లడం మీద ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. సొంత సెలవు, సొంత సంపాదన, గుళ్లు చూసినంత మాత్రాన అరిగిపోవు. పేచీ అంతా తిరిగొచ్చాక చేసే ప్రకటనతోనే. ‘ఒంటరిగా వెళ్లాను, ఎవరి మీదా ఆధారపడలేదు, నన్ను నేను తెలుసుకున్నాను.’ ఈ మూడింట్లో చివరిది నిజమో కాదో తేల్చే సాక్షి ఆ మనిషి ఒక్కరే గనక దాన్ని వదిలేద్దాం. మొదటి రెండింటికీ బయట సాక్షులున్నారు. వాళ్లు చాలామంది. వాళ్లు చాలామంది కావడమే ఇక్కడ విషయం.

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అనేవాళ్లు పెద్దలు. ఇప్పటి ఉలిపికట్టెలన్నీ కలిసి ఒకే దారిన పోతున్నాయి, అదీ తెల్లారకముందే. సియెం రీప్ దగ్గరి అంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా కట్టిన గుడి. అందుకని సూర్యుడు శిఖరాల వెనకనుంచి లేస్తాడు, ఎడమవైపు కొలను గట్టున నిలబడితే ఆ శిఖరాలు నీళ్లలోనూ కనిపిస్తాయి. ఆ గట్టు మీద వందలాది ఏకాకులు భుజాలు రాసుకుంటూ నిలబడి, పక్క ఏకాకి మోచెయ్యి ఫ్రేములో పడకుండా జాగ్రత్తపడుతూ ఏకాంతాన్ని ఫొటో తీసుకుంటారు. చీకట్లో వాళ్లను అక్కడ దించిన టుక్‌టుక్ డ్రైవరు వాళ్లకంటే ముందే లేచాడు. ఆ శిఖరాలు నిలబడి ఉండటానికీ మనుషులే కావలసి వచ్చారు. కంబోడియాలో యుద్ధం ఇంకా చల్లారని రోజుల్లో, 1986 నుంచి 1993 దాకా, భారత పురావస్తు శాఖ వాళ్లు వెళ్లి ఆ గుడికి మరమ్మతులు చేశారు. దగ్గర్లోని తా ప్రోమ్‌ది ఇంకా చిత్రం. 2001లో వచ్చిన ‘టూంబ్ రైడర్’ సినిమా పుణ్యమా అని అది అడవి మింగేసిన గుడిగా ప్రపంచానికి తెలిసింది. ఆ మింగడం కూడా కాపలా మధ్యనే సాగుతోంది. దాన్ని దొరికినట్టే ఉంచాలని ఒకప్పుడు ఫ్రెంచి పురావస్తు పండితులు నిర్ణయించారు. వేళ్లు గోడల్ని పడగొట్టకుండా ఇనుప ఊతలు పెట్టే పనిలో ఇటీవల మళ్లీ మన పురావస్తు శాఖే ఉంది. అడవిలో తప్పిపోయినట్టు ఫొటో దిగేవాళ్లు నిలబడటానికి చెక్క వేదిక కూడా వేసిపెట్టారు.

అసలు కంబోడియా నేల మీద కాలు పెట్టడమే ఒకప్పుడు ప్రాణాలతో చెలగాటం. దశాబ్దాల యుద్ధాలు పాతిపెట్టిన మందుపాతరల్ని ఏరేవాళ్లు ఇప్పటికీ ఏరుతూనే ఉన్నారు. ఆ సిబ్బందిలో మగావా అని ఒక ఎలుక ఉండేది. ఆఫ్రికా జాతి పెద్ద ఎలుక. వాసన పట్టి నూరుకు పైగా మందుపాతరల్నీ పేలని గుండ్లనీ చూపించింది, 2020లో బ్రిటన్ జంతుసంక్షేమ సంస్థ ఒకటి దానికి బంగారు పతకం ఇచ్చింది, 2022లో చనిపోయింది. విఘ్నాలు తొలగించే దేవుడు ఎలుకనే వాహనంగా ఎందుకు ఎంచుకున్నాడో అక్కడికి వెళ్తే అర్థమవుతుంది. ఎవరి మీదా ఆధారపడలేదని చెప్పుకునే యాత్రికుడు, మనుషుల సంగతి సరే, ఒక మూషికానికి కూడా బాకీ పడ్డాడు.

బాలీలో లెంపుయాంగ్ గుడి ముందు రెండుగా చీలిన రాతి ద్వారం ఉంది. ఆ మధ్యలో ఒక మనిషి, వెనక అగుంగ్ అగ్నిపర్వతం, కింద అద్దంలాంటి నీళ్లలో అంతా ప్రతిబింబం. ఆ ఫొటో చూడనివాళ్లు తక్కువ. అక్కడ నీళ్లు లేవు. ఫోను కింద చిన్న అద్దం ముక్క అడ్డంగా పట్టుకుని తీసే చమత్కారం అది. తీసేది అక్కడి కుర్రాడు. ఆ ఏకాంతం కోసం నంబరు తీసుకుని గంటల తరబడి వరసలో కూర్చోవాలి. క్యోటోలో ఫుషిమి ఇనారి కొండ మీద వేలకొద్దీ ఎర్ర తోరణాలు నిలబెట్టి ఉంటాయి. ఒక్కొక్కటీ ఎవరో వ్యాపారో, ఏదో కంపెనీయో లక్షల యెన్‌లు కట్టి నిలబెట్టిన మొక్కుబడి. దాత పేరూ తేదీ స్తంభాల వెనకవైపున చెక్కి ఉంటాయి, కొండ దిగుతున్నప్పుడు కనిపిస్తాయి. ఎక్కేవాడికి ఖాళీ ఎరుపు మాత్రమే. ఏకాకికి ఎక్కేటప్పటి ఫొటోయే నప్పుతుంది. పేర్లు కనిపిస్తే ఏకాంతం చెడుతుంది. ఇక జావాలోని బోరోబుదూర్ దగ్గర ప్రభుత్వమే ఈ ముచ్చటకు అడ్డుపడింది. రాళ్లు అరిగిపోతున్నాయని పైకెక్కేవాళ్ల సంఖ్యకు రోజువారీ పరిమితి పెట్టి, అల్లిన చెప్పులిచ్చి, గైడు వెంట జట్లుగా పంపుతున్నారు. నియమం ప్రకారం అక్కడ ఒంటరిగా ఎక్కడం కుదరదు. అయినా కిందికి దిగినవాళ్ల కథల్లో గైడు కనిపించడు.

ఇక్కడ మన ఏనుగుల వీరాస్వామయ్యను పిలవక తప్పదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. వెంట దాదాపు నూరుమంది. ఆయన కూర్చున్నది పల్లకీలో, మోసింది బోయీలు. ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దాన్ని తిరగేస్తే ఏ మజిలీలో అంగళ్లున్నాయో, ఎక్కడ నీళ్లు మంచివో, ఏ ఏరు ఎలా దాటాలో, ఏ రేవులో సుంకం ఎంతో, ఎవరెవరు ఏ పనికి దొరుకుతారో కనిపిస్తుంది. పల్లకీ ఎక్కినవాడు పల్లకీ ఎక్కానని రాశాడు. సంపన్నుడు, ఉద్యోగ హోదా కలవాడు, అయినా కాశీకి తానొక్కడే నడిచివెళ్లినట్టు బొంకాలని ఆయనకు తోచలేదు. మన ఏకాకి గారు ఎక్కిందీ పల్లకీయే. దానికి విమానం, హాస్టలు, వంటింటి మనిషి, దారి చూపే ఫోను, ఫోను వెనక మ్యాపులు గీసినవాళ్లు, 2023 చివర్లో భారతీయులకు వీసా అక్కర్లేదని తీర్మానించిన థాయ్, మలేసియా ప్రభుత్వాలు, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ చూస్తూ నిద్రపోని తల్లి, ఇంతమంది బోయీలు. మోసేవాళ్లు తగ్గలేదు, బహుశా పెరిగారు. వాళ్ల భుజాలు మాత్రం కథలోంచి మాయమయ్యాయి.

‘బుద్ధుడు కూడా ఒంటరిగానే ఇల్లు విడిచాడు కదా’ అని ఒక సమాధానం తయారుగా ఉంటుంది. బౌద్ధ గాథలు చెప్పేదేమంటే, ఆ రాత్రి ఆయన వెంట సారథి ఛన్నుడున్నాడు, కంథకమనే గుర్రముంది. తపస్సు కాలంలో అయిదుగురు సహచరులున్నారు. శరీరం ఎండిపోయిన రోజున సుజాత పాయసం పెట్టింది. బోధి కలిగాక ఆయన చేసిన మొదటి పెద్ద పని సారనాథ్‌కు వెళ్లి ఆ అయిదుగురికీ చెప్పడం. ‘మరి హుయాన్ త్సాంగ్?’ ఆయనది ఇంతకంటే గట్టి ఉదాహరణే. 629 ప్రాంతంలో చక్రవర్తి నిషేధాన్ని కాదని చైనా సరిహద్దు దాటి, ఎడారిలో నీళ్లు లేక చావు దాకా వెళ్లిన మనిషి. కానీ ఎడారి దాటగానే తుర్ఫాన్ రాజు ఆయనకు గుర్రాలూ మనుషులూ బంగారమూ ఇచ్చి, దారిలోని రాజులకు ఉత్తరాలు రాసిచ్చాడని ఆయన జీవిత చరిత్రే చెబుతోంది. 645లో ఆయన 657 గ్రంథాలతో తిరిగి వెళ్లి, చూసిన రాజ్యాల గురించి రాయించిన పుస్తకంలో మన ధాన్యకటకం ఉంది, అక్కడ పాడుబడిన విహారాలున్నాయి, ఏ దేశంలో ఏం పండుతుందో ఉంది. ఆయన ఆత్మాన్వేషణకు మాత్రం చోటు చాల్లేదు. 1632లో మొరిమోతో ఉకొందాయు అనే జపాను యాత్రికుడు అంగ్‌కోర్ వాట్ స్తంభం మీద సిరాతో రాసి వెళ్లాడు. గుడి గోడ మీద రాయడం మెచ్చుకోదగ్గ పని కాదు. కానీ రాసిందేమిటంటే, సముద్రాలు దాటి వచ్చానని, తండ్రి పుణ్యలోకాల కోసం, ముసలి తల్లి కోసం బుద్ధ విగ్రహాలు సమర్పించానని. ఎవరి కోసం వచ్చాడో, ఏం ఇచ్చాడో ఉంది. తనకేం దొరికిందో లేదు.

‘ఇవన్నీ ఊరికే పొందలేదు, డబ్బిచ్చాం’ అన్నది రెండో వాదన. నిజమే. అంగ్‌కోర్ ఒకరోజు టికెట్ 2017 నుంచి 37 డాలర్లు, అందులో 2 డాలర్లు పిల్లల ఆసుపత్రులకు పోతాయి. యాత్రికులు రాకపోతే పస్తులుండాల్సిన ఇళ్లు సియెం రీప్‌లో ఎన్నో ఉన్నాయని కొవిడ్ రోజులు చూపించాయి. కాబట్టి వెళ్లండి, ఖర్చుపెట్టండి. అయితే వీరాస్వామయ్య కూడా బోయీలకు కూలి ఇచ్చాడు. కూలి ఇచ్చినంత మాత్రాన వాళ్లు మోయలేదని ఆయన అనలేదు. పైగా డబ్బుతో తీరని పద్దులు కొన్ని ఉంటాయి. అంగ్‌కోర్ ఆవరణలో నివసించే దాదాపు 10,000 కుటుంబాలను 2022 నుంచి దూరంగా రున్ తా ఎక్ వంటి చోట్లకు తరలించే పనికి కంబోడియా ప్రభుత్వం పూనుకుంది. ఇష్టపడే వెళ్తున్నారని ప్రభుత్వం అంటోంది, బెదిరించి ఖాళీ చేయించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో నివేదిక ఇచ్చింది. ఎవరి మాట ఎంత నిజమైనా, గుడి చుట్టూ నిర్మానుష్యంగా, పవిత్రంగా కనిపించే ఆ ఖాళీలో కొంత ఎవరో ఇల్లు విప్పుకుని వెళ్లగా ఏర్పడింది. క్యోటోలో గియోన్ వీధులవాళ్లు ఎదురు తిరిగే దశకు వచ్చారు. గేషాల వెంట కెమెరాలతో పడేవాళ్ల తాకిడి భరించలేక 2024లో తమ సొంత సందుల్లోకి రావద్దని బోర్డులు పెట్టి, 10,000 యెన్‌ల జరిమానా ప్రకటించారు. ఏకాంతం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు అక్కడివాళ్ల ఏకాంతాన్ని ఏం చేశారో ఆ బోర్డే చెబుతుంది.

మూడో వాదన బలమైనది, దాన్ని వెక్కిరించడం తగదు. ఆడపిల్లకు ఒంటరి ప్రయాణమంటే ఫ్యాషన్ కాదు, ఊపిరి. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అనే మూడు ప్రశ్నలకు జీవితమంతా జవాబు చెప్పుకున్న మనిషి, రాత్రి పదిన్నరకు టోక్యో రైల్లో ఎవరి చూపూ తగలకుండా కూర్చోగలిగితే ఆ ఆనందం నిజమైనదే. కానీ ఆ ఆనందం ఎవరు కట్టిపెట్టారు? వేళ తప్పని రైలు, మహిళల బోగీ, వీధి చివర వెలిగే దీపం, ఒక్కర్తివేనా అని అడక్కుండా తాళం ఇచ్చే రిసెప్షన్, ఇవన్నీ ఒక సమాజం పన్నులు కట్టి, పద్ధతులు నేర్చుకుని కూడబెట్టిన ఆస్తి. దాన్ని ‘నా ధైర్యం’ అని ఒక్క మాటలో జేబులో వేసుకుంటే రెండు నష్టాలు. ఆ ఏర్పాటు చేసినవాళ్లకు రావలసిన పేరు రాదు. అదే ఏర్పాటు మన ఊళ్లో ఎందుకు లేదన్న ప్రశ్న పుట్టదు. మన పుణ్యక్షేత్రాల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, గది ఇవ్వడానికి వెనకాడే లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి. ధైర్యమే సరిపోయేదైతే ఆ ధైర్యం ఇక్కడ కూడా తాళం తెప్పించాలి.

ఇంతకీ ఒంటరి యాత్రల్లో పెద్ద మార్పు ఈ మధ్య ఆసియాలో వచ్చిన మాట వాస్తవమే. అది బాలీలో కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మొగుణ్నో కొడుకునో చార్జీ అడగకుండా, అందుకు కారణం చెప్పకుండా, ఆధార్ కార్డు చూపించి గుడికి బయల్దేరగలగడం ఎందరో ఆడవాళ్లకు కొత్త. దాన్ని మాత్రం ‘సోలో ట్రావెల్’ అని ఎవరూ అనరు. ‘ఉచితాలు’ అంటారు, జనం డబ్బుతో తిరుగుతున్నారని మూతి విరుస్తారు. ప్రభుత్వాల సొమ్ముతో నిలబెట్టిన గుళ్లలో, ప్రభుత్వాలు నడిపే మెట్రోల్లో, ప్రభుత్వాలు సడలించిన వీసాలతో తిరిగొచ్చినవాళ్లది స్వావలంబన. పల్లెవెలుగు ఎక్కి వేములవాడ వెళ్లినావిడది పరాన్నజీవనం. తేడా అల్లా ఒకటే. రాజన్నకు కోడె మొక్కు చెల్లించి సాయంత్రానికి ఇల్లు చేరిన ఆవిణ్ని ఎలా వెళ్లావని అడిగితే, బస్సులో అంటుంది. టికెట్ ఎవరిచ్చారంటే సర్కారు అంటుంది. సోలో యాత్రికుల నుంచి కోరుతున్నది ఈ పాటి నిజాయితీయే. వాళ్ల ఆత్మసాక్షాత్కారం ఎవరికీ అడ్డు కాదు. కాకపోతే దాని కింద బోయీల పేర్లు కూడా రాస్తే, చదివేవాళ్లకు దారి ఖర్చెంతో తెలుస్తుంది.