బానెట్టు బావ

సాగర్ రోడ్డు మీద బొంగులూరు గేటు దాటాక ఏ బండి బానెట్టు లేచినా నలుగురు చేరతారు. ముగ్గురు చూడ్డానికొస్తారు, నాలుగోవాడు చెప్పడానికొస్తాడు. ఆ నాలుగోవాడు లేని ఊరుండదు గానీ, ఇబ్రహీంపట్నంలో ఉన్నవాడు మా అక్క మొగుడు కావడం నా ఖర్మ.

బావ మెకానిక్ కాదు. ప్లాట్లు చూపిస్తాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో లేఅవుట్ కాపీ, నోట్లో గజం రేటు. బైకు సైడు డబ్బాలో మాత్రం పానాల సెట్టు, పేచ్‌కస్, టెస్టర్, ఓ గుడ్డపేలిక ఉంటాయి. ఆదిబట్ల వైపు ప్లాటు చూడవచ్చిన పార్టీని ఎండలో నిలబెట్టి, పక్క సైటులో మొరాయించిన ట్రాక్టర్ దగ్గరికి పోతాడు. వచ్చేసరికి పార్టీ ఉండదు. అక్క తిడితే, "ప్లాటు యాడికి పోతది? బండి ఖరాబైనప్పుడు సూడాలె గని, మంచిగైనంక సూస్తె ఏమున్నది?" అంటాడు. ఆయన దృష్టిలో నడిచే బండికి వ్యక్తిత్వం లేదు.

న్యాయంగా మాట్లాడితే, చెవి ఉన్న మనిషి. తాళం తిప్పినా ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజో, బ్యాటరీ టెర్మినలో, ఎక్కడో తెగిన వైరో అంటాడు. టకటకటకమని కొట్టుకుంటే బ్యాటరీ డౌన్. ఒక్క ‘టక్’తో ఊరుకుంటే సెల్ఫ్ మోటారు మీద అనుమానం. ఇంజిను తిరుగుతూ అందుకోకపోతే డీజిల్ అందట్లేదు. ఇవన్నీ నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వానాకాలంలో క్యాన్లలో తెచ్చి రేకుల షెడ్డులో పెట్టిన డీజిల్‌ను ఆయన నమ్మడు. ఫిల్టర్ కింద బిళ్ల వదులు చేసి, కారినదాన్ని గాజు సీసాలో పట్టి ఎండకెత్తి చూస్తాడు. అడుగున నీళ్లు తేరుకుని కనబడితే ఆ ముఖంలో వెలుగు చూడాలి, మనవణ్ని ఎత్తుకున్నప్పుడు కూడా అంత ఉండదు.

చిక్కల్లా, చప్పుడు వినకముందే తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పు కూడా ఒక్కటే: "ఏర్ పట్టింది."

ఏర్ పట్టడం అబద్ధపు జబ్బేం కాదు. డీజిల్ ఇంజినుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని సుమారు 20 వంతుల్లో ఒక వంతుకు నొక్కితే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా కొడితే దానంతటదే అంటుకుంటుంది. పైపులో గాలి బుడగ చేరిందంటే పంపు నొక్కిన నొక్కుడంతా ఆ బుడగ మింగేస్తుంది, ప్రెషర్ చాలక నాజిల్ నోరు తెరవదు. అప్పుడు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి నికార్సయిన డీజిల్ ధార వచ్చేదాకా ఏర్ తీయాలి. శాస్త్రం ఇంతవరకే. బావ దీన్ని ఇంటిదాకా తెచ్చాడు. నల్లాలో నీళ్లు రాకపోతే ఏర్. మామయ్యకు కడుపుబ్బరం చేస్తే ఏర్. కొడుక్కి లెక్కల్లో మార్కులు తగ్గితే, "వీని దిమాగ్‌ల ఏర్ పట్టింది." మిక్సీ తిరగకపోతే అక్క దాన్ని చీర మడతల వెనక దాచి, ఆయన బయటికి పోయాక రిపేరు షాపుకు పంపుతుంది.

ఇట్లాంటి మనిషికి మొన్న చలికాలం ఒక బాబ్‌క్యాట్ చిక్కింది. కంపెనీ ఏదైనా మా దగ్గర ఆ చిన్న మిషన్లన్నిటికీ అదే పేరు. జేసీబీ పట్టని సందుల్లో మట్టి ఎత్తడానికి వెంచర్లవాళ్లు తెస్తారు. దానికి స్టీరింగుండదు, ముందు చక్రాలు పక్కకు తిరగవు. ఒక ఎద్దును నిలేసి రెండోదాన్ని అదిలిస్తే బండి తిరిగినట్టు, ఎడమ చక్రాలూ కుడి చక్రాలూ వేరువేరుగా నడిచి, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. దీని పుట్టుక కోళ్ల షెడ్డులో. అమెరికాలోని మిన్నెసోటాలో లూయీ, సిరిల్ కెల్లర్ అనే అన్నదమ్ములు, టర్కీ కోళ్ల రైతు ఒకాయన షెడ్డులో పెంట ఎత్తడానికి 1957లో తయారుచేశారు. మొదట మూడు చక్రాలే. నాలుగోది 1960లో వచ్చింది. ఈ సంగతి చెబితే బావ నొచ్చుకున్నాడు. "మన యాచారం దిక్కు గిన్ని కోళ్ల ఫారాలుండె, ఒక్కడన్న సోంచాయించకపాయె!"

ఆ పొద్దున ఆపరేటర్ చాయ్‌కి పోయాడు. హెల్పర్ పిల్లగాడు బకెట్ మీద నిలబడి, లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. కాంట్రాక్టర్ పిల్లగాణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు మా బైకు అటు వెళ్లాలా?

బావ నేరుగా మిషన్ వెనక్కి పోయి తలుపు తీశాడు. దీని ఇంజిను వెనక ఉంటుందని తెలిసినవాణ్నని లోకానికి చాటడంలో అది మొదటి మెట్టు. "ఏర్ పట్టింది" అన్నాడు.

"సెల్ఫే పడ్తలేదు గద బావా. ఏర్ పడితే ఇంజిను తిరుగాలె గద?"

"నువ్వు బీకాం సదివినవ్. జర ఊకో."

ఫిల్టర్ కప్పు విప్పాడు. ఉన్న డీజిల్ సీసాలో పోశాడు. ఎండకెత్తి చూశాడు, నీళ్లు లేవు. నిరాశ పడ్డాడు. మళ్లీ బిగించాడు. ఇంతలో జార్ఖండ్ నుంచి వచ్చిన ఆ ఆపరేటర్ చాయ్ తాగి తీరుబడిగా వచ్చాడు. బకెట్ ఎక్కి లోపల కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు, సేఫ్టీ బార్ ఒళ్లోకి దించుకున్నాడు. తాళం సగం తిప్పి, హీటర్ లైటు ఆరేదాకా ఆగి, పూర్తిగా తిప్పాడు. సెల్ఫ్ సుబ్బరంగా పడింది! సంగతేమంటే, కొన్ని మోడళ్లలో సీట్లో మనిషి బరువు పడి, బెల్టు పెట్టుకుంటే తప్ప సెల్ఫుకు కరెంటు పోదు. బయట నిలబడి తాళం తిప్పిన పిల్లగాడి వెనక జరిగిన విచారణంతా దండగ.

కానీ ఇంజిను అందుకోలేదు. తిరుగుతోంది, తిరుగుతోంది, అందుకోవడం లేదు. ఎట్లా అందుకుంటుంది? ఫిల్టర్ విప్పినప్పుడు లైనులోకి గాలి పోయింది కదా, బావ ధర్మాన.

బావ నావైపు తిరిగాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. "ఏమంటివి? బీకాం?" ఆపరేటర్ వైపు తిరిగి, "మై బోలా నై భయ్యా, ఏర్ పకడ్ లియా!"

తర్వాతదంతా బావ చేతిలోకి వెళ్లింది. ఒప్పుకోవాలి, ఆ పని మాత్రం అందంగా చేస్తాడు. చొక్కా చేతులు మడిచి, స్క్రూ పావు చుట్టు వదులు చేసి, చేతిపంపు మెల్లగా కొట్టాడు. నురగ వచ్చింది, చిటపటలాడింది, సన్నటి ధారగా మారింది. పంపు ఆపకుండానే స్క్రూ బిగించాడు. కారినది గుడ్డతో తుడిచాడు. ఆపరేటర్ తాళం తిప్పాడు. తెల్ల పొగ కక్కి, రెండు కుదుపులు కుదిపి, మిషన్ గర్జించింది.

కాంట్రాక్టర్ దండం పెట్టినంత పని చేశాడు. చాయ్ తెప్పించాడు. రెండు మూలప్లాట్లకు గిరాకీ చూడమని అడిగాడు కూడా. సీటు సంగతి ఆపరేటరుకు తెలుసు, నాకు తెలుసు. ఒకరినొకరం చూసుకుని ఊరుకున్నాం. అంత మురిసిపోతున్న బావను పట్టుకుని, తెచ్చింది నువ్వే, తీసింది నువ్వే అని ఎట్లా చెప్పను?

పన్నెండున్నరకు ఆపరేటర్ అన్నానికని తాళం మీద చెయ్యేశాడు. బావ పరుగెత్తాడు. "బంద్ మత్ కరో! మళ్ల పడ్తదో లేదో!" కాంట్రాక్టరూ వంత పాడాడు. పాపం ఆ ఆపరేటర్ బార్ ఒళ్లో దించుకునే, మిషన్ గడగడలాడుతుంటే, టిఫిన్ డబ్బా ఆ బార్ మీదే ఆనించుకుని రొట్టెలు తిన్నాడు. బావ పక్కనే నిలబడి, ఇంజిను చప్పుడులో ఏదో తేడా ఉందని నా చెవిలో అరుస్తున్నాడు.