మంచివి మండీకి, మిగిలినవి మాకు

శనక్కాయలు ఒలిచిన ప్రతి ఏడూ మా ఇంట్లో ఒకటే పద్ధతి నడిచింది. నిండుగా, ఎర్రగా ఉన్న విత్తనాలు మండీకి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు తగిలినవి ఇంటికి. ఆ పద్ధతి పెట్టింది నేనే. వ్యాపారి దోసిట్లో పోసుకుని చూసి ధర కోస్తాడని కూలీలను కూర్చోబెట్టి ఏరించేవాణ్ణి. ఒక్క నల్ల గింజ బస్తాలో పడినా ఊరుకునేవాణ్ణి కాదు. అమ్మడానికి పనికిరానిది తినడానికి ఎలా పనికొస్తుందని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. అదే పొదుపనుకున్నాను.

మా అనంతపురం వైపు సంగటిలోకి ఊరుబిండి పచ్చడి ఉండాల్సిందే. ఊరుబిండికీ, పొడికీ, పిల్లలు తినే బెల్లపు ఉండలకూ ఈ మిగుళ్లే. మా ఆవిడ అప్పుడప్పుడూ “ముక్క వాసనొస్తున్నాయి, పారేద్దామా” అని అడిగేది. “ఎర్రగా వేయించు, అంతా పోతుంది” అనేవాణ్ణి. ఆ మాటకు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చదువుకున్నవాణ్ణి కదా అని ఆమె నమ్మింది. చేదు తగిలిన గింజను ఉమ్మేస్తే చాలనుకున్నాం.

శనక్కాయకు పట్టే బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనేది ఒకటి. మట్టిలోనే ఉంటుంది. కాయ ఊరే వేళకు వాన మొహం చాటేసి నేల కాగిపోతే, కోతకు ముందే గింజలోకి దిగుతుంది. మా జిల్లాలో ఆ వేళకు వాన అందే ఏడాది తక్కువ. పురుగు తొలిచిన కాయలోకి ఇంకా సులువుగా చేరుతుంది. అది వదిలే విషమే అఫ్లటాక్సిన్. నాలుకకూ ముక్కుకూ అది అందదు. చేదు లేదంటే విషం లేదని కాదు. బూజును చంపే వేడి కూడా ఆ విషాన్ని చంపదు. వేయిస్తే కొంత తగ్గుతుంది, తగ్గగా మిగిలింది మనం తింటాం. పైగా ఒక బస్తాలోని విషమంతా గింజలన్నిటికీ సమంగా పంచుకుని ఉండదు. కొద్ది గింజల్లోనే పోగుపడుతుంది. ఆ కొద్ది గింజలు ఎక్కువగా ముడుచుకున్నవాటిలో, రంగు మారినవాటిలో ఉంటాయి. అంటే నేను కూలిచ్చి ఏరించి, ఆ విషాన్ని వేరుచేసి తెచ్చి నా పిల్లల కంచంలో పెట్టాను.

ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆడటం లేదు. అయినా రాయాలి.

1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల్లోని గిరిజన పల్లెల్లో అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు. కామెర్లు, పొట్టలో నీరు. 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న ఊరి కుక్కలూ చచ్చాయి. ఆ మరణాలకు కారణం అఫ్లటాక్సిన్ అని తేల్చినవాళ్లు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. 1975లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఆ మొక్కజొన్నలో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా విషం ఉంది. ఇప్పుడు మన దేశంలో తిండిగింజలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. ఆ గింజల్లో ఉన్నది ఈ హద్దుకు కొన్ని వందల నుంచి వెయ్యి రెట్లు. ఆ గిరిజనులు తెలిసి తినలేదు. ఇంట్లో ఉన్న గింజ అదే, ఆకలికి తిన్నారు. నా ఇంట్లో మంచి గింజ ఉంది. దాన్ని అమ్మేసి చెడ్డది తినిపించాను.

మా ఇంట్లో ఎవరికీ కామెర్లు రాలేదు. అందుకే ఇన్నేళ్లూ నాకు అనుమానం రాలేదు. కానీ కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తిన్నది కాలేయ క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అఫ్లటాక్సిన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. హెపటైటిస్ బి ఒంట్లో ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

నూనె సంగతి ఇంకో తప్పు. మిగుళ్లనే గానుగాడించి, కల్తీ లేని నూనె అని పట్నంలోని కొడుక్కి డబ్బాలు పంపాను. శుద్ధి చేసినప్పుడు పోయే విషం గానుగ నూనెలో కొంత ఉండిపోతుంది. ఎక్కువ భాగం చెక్కలో నిలుస్తుంది. ఆ చెక్క బర్రెకు పెట్టాను. బర్రె తిన్న విషంలో కొంత రూపం మారి పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగింది మనవరాలు. 1960లో ఇంగ్లండ్‌లో దాదాపు లక్ష టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, మేతలో కలిపిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. ఈ విషం లోకానికి తెలిసింది ఆ చెక్కవల్లే.

ఒలిచే మిషనులో విత్తనం బద్దలు కాకుండా ముందు రాత్రి కాయల మీద నీళ్లు చల్లేవాళ్లం. ఎండిన కాయను మళ్లీ తడిపి బస్తాల్లో కుక్కి ఉంచడమంటే బూజును మనమే పిలవడం. ఇప్పుడు చల్లడం లేదు. కొన్ని బద్దలవుతాయి, ధర కొంత తగ్గుతుంది, తగ్గనీ. చేలో తీసిన కాయను ఊపితే గింజ గలగలమనే దాకా ఎండబెడుతున్నాం. బస్తాలను నేలమీద కాకుండా కొయ్య పలకల మీద పేరుస్తున్నాం.

శనక్కాయ పండించే అన్నదమ్ములకూ, ఇంట్లో ఏరే అక్కచెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే. ఏరి పక్కన పెట్టినవాటిని పొయ్యి మీదికి ఎక్కించకండి, గానుగకు పంపకండి, బర్రెకూ కోళ్లకూ పెట్టకండి, తక్కువ ధరకు ఇంకొకరికి అమ్మకండి. గుంత తీసి పూడ్చేయండి. ఇంట్లోకి కావలసినన్ని మంచి విత్తనాలు ముందుగా తీసి పెట్టుకుని, ఆ తర్వాతే బస్తా మూతి కుట్టండి.