ఉప్పల్ నుంచి నలభై నిమిషాలే!

జనగామ హైదరాబాద్‌కు శివారైందట. ఈ సంగతి జనగామ వాళ్లకే అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. రియల్ ఎస్టేట్ వెంచర్ల బ్రోచర్లు మాత్రం ఎప్పుడో తేల్చేశాయి. వాటికి దూరాన్ని కిలోమీటర్లలో చెప్పే అలవాటు లేదు, అంతా నిమిషాల లెక్కే. ఉప్పల్ నుంచి నలభై నిమిషాలు, బీబీనగర్ ఎయిమ్స్‌కు పావుగంట, యాదగిరిగుట్టకు పది నిమిషాలు. ఉప్పల్ నుంచి జనగామ డెబ్బై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నలభై నిమిషాల్లో చేరాలంటే గంటకు 110 కిలోమీటర్లకు పైగా వేగంతో, గూడూరు టోల్‌గేటు దగ్గర కూడా బ్రేకు మీద కాలు పెట్టకుండా ఉరకాలి.

ఆ నలభై నిమిషాలు మొదలయ్యేది ఎక్కడో చూడండి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల చిల్లర ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. ఏడేళ్లు గడిచినా దాని మీద బండి ఎక్కలేదు. స్తంభాల కింద గుంతల్లో, దుమ్ములో బస్సు ఈదుకుంటూ బోడుప్పల్ దాటేసరికే బ్రోచర్ ఇచ్చిన టైమంతా ఖర్చవుతుంది. ఏజెంటు చేతి గడియారం ఘట్‌కేసర్ దాటాక గానీ కదలదు కాబోలు. ఎంఎంటీఎస్‌దీ ఇదే కథ. యాదగిరిగుట్ట దాకా పొడిగిస్తామన్న మాట 2016 నుంచి వింటున్నాం. రైలు 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా వచ్చి ఆగింది. బ్రోచర్‌లో మాత్రం ఆలేరు కూడా దాటేసింది.

పోనీ, ప్రభుత్వమైనా జనగామను నగరంలో కలుపుకుందా? హద్దులు పెంచుకోవడంలో మన ప్రభుత్వాలకు పిసినారితనం లేదు. 2025 మార్చిలో హెచ్ఎండీఏ పరిధిని 10,472 చదరపు కిలోమీటర్లకు పెంచారు. పదకొండు జిల్లాల ఊళ్లు అందులోకి వచ్చాయి. జనగామ రాలేదు. ఇంకా పూర్తికాని రీజనల్ రింగ్ రోడ్డు కూడా భువనగిరి, చౌటుప్పల్ వైపు తిరిగిపోతుంది తప్ప ఇటు తొంగి చూడదు. ఇంత మంది ఇంజనీర్లు, ఇంత మంది ఐఏఎస్‌లు కూడబలుక్కుని చేరలేని చోటికి, ఆదివారం ఉచిత ఏసీ కారు, బిర్యానీ పొట్లంతో ఒక ఏజెంటు చేరుకున్నాడు. మెచ్చుకోవాల్సిందే.

ఏజెంటంటే పరాయివాడనుకునేరు. మన బామ్మర్దే అవుతాడు, మొన్నటిదాకా బీమా పాలసీలు కట్టించిన సారే అవుతాడు. "బావా, నువ్వు కొనకున్నా పర్వాలేదు, ఒక్కసారి సైటు చూడు" అంటాడు. చూడడానికి పోతే తోరణంలా పెద్ద ఆర్చి, దాని కింద ఎక్కడి నుంచో పీక్కొచ్చి నాటిన ఖర్జూర చెట్లు రెండు, ఫర్లాంగు పొడవు తారు రోడ్డు కనిపిస్తాయి. ఆ పైన కనుచూపు మేర హద్దురాళ్లు, తుమ్మ చెట్లు. వెంచర్ పేరు వ్యాలీ అనో మెడోస్ అనో ఉంటుంది. జనగామ ఎర్ర చెలకల్లో లోయ ఎక్కడుందో పుట్టి పెరిగిన వాళ్లకు కూడా తెలియదు. దారిలో పెంబర్తి దాటి వస్తాం, అక్కడి ఇత్తడి పనికి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ ఊసు బ్రోచర్‌లో ఉండదు. అమ్మడానికి పనికొచ్చేది ఊళ్లో ఉన్నది కాదు, రాబోయేది.

కాస్త డబ్బు తక్కువైన వాడికి 'ఫామ్ ల్యాండ్' ఉంది. ఇది ఇంకా ముచ్చటైన వ్యాపారం. లేఅవుట్ అనుమతి తీసుకోవాలంటే పదో వంతు స్థలం పార్కుకు వదలాలి, రోడ్లు వేయాలి, డ్రైనేజీ కట్టాలి, పని పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖా పెట్టాలి. ఇంత తిప్పలెందుకని గజాలను గుంటలుగా మార్చేశారు. గుంటంటే 121 గజాలు. అయిదు గుంటలు కొంటే మీరు ప్లాటు కొన్నట్టు కాదు, వ్యవసాయ భూమి కొన్నట్టు. నాలుగు శ్రీగంధం మొక్కలు, ఒక పేరు పలక కూడా ఇస్తారు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో తులసి మొక్కను కూడా బతికించలేని మనిషి రాత్రికి రాత్రే రైతు అవుతాడు. ఇరవై గుంటలకు తక్కువగా ఫామ్ ప్లాట్లు అమ్మకూడదని అధికారులు పదే పదే చెబుతూనే ఉన్నారు. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు.

రైతయ్యాక రైతు సాయం వద్దంటామా? 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టా ఉంటే చాలు, నాగలి అక్కర్లేదు. హద్దురాళ్లు పాతిన నేలకు కూడా పెట్టుబడి సాయం అందింది. పక్క పొలంలో కౌలుకు పత్తి వేసినవాడికి పైసా రాలేదు. చివరికి 2025లో రైతు భరోసా ఇచ్చేటప్పుడు సాగులో లేని వెంచర్ భూములను తీసేస్తామని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడేళ్లలో రాళ్లు ఏం పండించాయో ఎవరూ లెక్క చెప్పలేదు.

ఇదంతా జరుగుతున్నది ఏ నేల మీదో గుర్తుందా? 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ జిల్లాలోనిదే. నాలుగెకరాల పంట కోసం చాకలి ఐలమ్మ తిరగబడ్డ పాలకుర్తి కూడా ఇక్కడిదే. అప్పుడు భూమి పోకుండా కాపాడుకోవడానికి గుత్పలు పట్టారు. ఇప్పుడు అదే భూమిని ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని నవ్వుతూ రాసిచ్చి వస్తున్నారు. అమ్మిన రైతును నేను తప్పుపట్టను. బోరు ఎండి, బిడ్డ పెళ్లి నెత్తిమీద ఉంటే వచ్చిన ధరకు ఇవ్వక ఏం చేస్తాడు? ఎగతాళి చేయాల్సింది, ఆ ఎకరాన్ని నలభై గుంటలు చేసి, 'సెకండ్ గచ్చిబౌలి' అని పేరు పెట్టి, మళ్లీ ఆ రైతు కొడుక్కే కమీషన్ మీద అమ్మించేవాణ్ని.

ఇక లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్ఆర్ఎస్ దగ్గరికి వద్దాం. ఇంతకన్నా గొప్ప హాస్యం మన పాలనలో ఇంకోటి లేదు. అనుమతి లేని లేఅవుట్ వేసినవాడు పార్కు వదలడు, అమ్ముకుని పోతాడు. ప్లాటు కొన్నవాడు దాన్ని సక్రమం చేయించుకోవాలంటే ఆ వదలని పార్కుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం తాను కట్టాలి. పార్కు మింగినవాడు వేరు, మూల్యం కట్టేవాడు వేరు. కట్టాక పార్కు వస్తుందా అని అడగకండి. 2020లో దరఖాస్తులు పిలిస్తే తెలంగాణ అంతటా 25 లక్షలకు పైగా వచ్చిపడ్డాయి. అయిదేళ్లు మూలన పెట్టి, 2025లో 25 శాతం తగ్గింపు ప్రకటించి, గడువు పొడిగించి, మళ్లీ పొడిగించి, బట్టల దుకాణంలా ఆఫర్లు నడిపారు. తప్పు చేసినవాడికి నోటీసులు, కొన్నవాడికి డిస్కౌంటు. నోటీసు ఎవరికైనా అందిందేమో నాకు మాత్రం కనిపించలేదు.

ఊరు శివారైందన్న మాట నిజంగా తగిలేది ఊరి వాళ్లకు. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వస్తుంది. 2018లో మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్, మరిపెడ, తొర్రూరు అలాగే అయ్యాయి. స్టేషన్ ఘన్‌పూర్ ఈ మధ్యే చేరింది. బోర్డు మారిన మర్నాడు ఉపాధి హామీ పని ఉండదు, అది గ్రామాలకే కదా. ఇంటి పన్ను నోటీసు మాత్రం వస్తుంది. చెత్త బండి ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు. కూలికి పోయే మనుషుల ఊరిని మున్సిపాలిటీ చేసి ఏం సాధించారో సభలో అడిగినవాడు కనబడడు.

జనగామ ఒక్కటే అయితే సరిపెట్టుకుందుం. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఒకేసారి జిల్లాలయ్యాయి. ఆ రోజే మూడు చోట్లా ప్లాట్లు మొలిచాయి. కలెక్టరేట్ గోడ లేవకముందే 'కలెక్టరేట్ ఎదురుగా' అన్న ప్రకటనలు లేచాయి. మహబూబాబాద్‌లో బయ్యారం, గార్ల లాంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని 1/70 చట్టం చెబుతోంది. బాండ్ పేపర్ మీద సంతకాలు ఆ చట్టం చదవవు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు రిటైరయ్యేసరికి చేతికొచ్చే సొమ్ము మీద కన్ను. ఓపెన్‌కాస్టు పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలిస్తున్నాయని జనం మొత్తుకుంటున్న ఊళ్లో 'ప్రశాంత వాతావరణం' గజాల లెక్కన అమ్ముడవుతోంది. ఇక్కడ హైదరాబాద్ నిమిషాలు పనికిరావు కనుక మేడిగడ్డ బ్యారేజీ పర్యాటకాన్ని చూపించేవాళ్లు. 2023 అక్టోబర్‌లో ఆ బ్యారేజీ పిల్లర్లు కుంగాక ఆ మాట గొంతు తగ్గింది. రేటు మాత్రం తగ్గలేదు.

మీ ఫోనుకు కూడా పొద్దున్నే ఒక లొకేషన్, దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ వచ్చే ఉంటాయి. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు సర్వే నంబరు అడగండి, అది శిఖం భూమో అసైన్డ్ భూమో తహసీల్ ఆఫీసులో చూసుకోండి, రెరా నంబరు లేనిదే ప్రకటన వేయడమే తప్పని వాళ్లకు గుర్తుచేయండి. సైటు చూడాలనుకుంటే ఆదివారం వాళ్ల కారులో వెళ్లకండి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఉప్పల్‌లో ఆర్టీసీ బస్సెక్కి వెళ్లండి.